ల్యాబ్‌లో ఎవరిని ఏ సీటులో కూర్చోబెట్టాలి? స్వభావం చూసి పని ఇవ్వడం గురించి

మీ ప్రశ్న ముందు కుదించి చెబుతాను, చదివే మిగతావాళ్ళకీ తెలుస్తుంది. చిన్న పట్టణంలో డయాగ్నస్టిక్ సెంటర్, రోజుకి 110–120 మంది పేషెంట్లు, తొమ్మిది మంది స్టాఫ్. బయోకెమిస్ట్రీ బెంచ్ (షుగర్, క్రియాటినిన్ లాంటి పరీక్షలు చేసే బల్ల) మీద ఉన్న అబ్బాయి చురుకైనవాడు, కలుపుగోలు మనిషి. కానీ వారానికి రెండు మూడు రిపోర్టులు తప్పు పోతున్నాయి. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదివింది, పని శుభ్రం. కానీ "మొహం చిట్లిస్తుంది, అడిగినదానికి సమాధానం చెప్పదు" అని పేషెంట్లు గొణుగుతున్నారు. ఇద్దరినీ అటూ ఇటూ మార్చాలా, దానికి ముందు అందరిచేతా ఆన్‌లైన్‌లో దొరికే పర్సనాలిటీ టెస్ట్ రాయించాలా, ఇంతకీ రద్దీ వేళ ఓనర్‌గా మీరెక్కడ ఉండాలి. ఇవీ మీ మూడు ప్రశ్నలు.

సూటిగా చెప్తున్నా. మార్చండి, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మార్పు పనికొస్తుంది. కాకపోతే రేపే వద్దు, రెండు వారాలు తప్పుల లెక్క రాశాక మార్చండి. టెస్ట్ అక్కర్లేదు. "టెక్నీషియన్", "రిసెప్షనిస్ట్" అన్న పేరు చూసి మనిషిని ఎంచకండి. ఆ సీటులో ఏ గంటకి ఏ రకం ఒత్తిడి ఉంటుందో చూసి ఎంచండి. అదే కుర్చీలో ఉదయం ఏడున్నరకి కావాల్సిన మనిషి వేరు, మధ్యాహ్నం పన్నెండుకి కావాల్సిన మనిషి వేరు.

టెస్ట్ సంగతి త్వరగా తేల్చేద్దాం. మనుషుల్ని 16 రకాలుగా విడగొట్టే ఆ ప్రశ్నావళి, యూంగ్ 1921లో రాసిన రకాల సిద్ధాంతం మీద క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ కట్టినది. ఉద్యోగంలోకి మనుషుల్ని ఎంచడానికి దాన్ని వాడొద్దని దాని బాధ్యత చూసే సంస్థే చెబుతుంది. పైగా జీతం ఇచ్చే ఓనర్ కాగితం చేతికిచ్చి "నీకు చిన్న చిన్న వివరాల మీద శ్రద్ధ ఉందా?" అని అడిగితే లేదని ఎవరు రాస్తారండీ? పరిశోధన వైపు గట్టిగా నిలబడ్డ మాట ఒకటుంది. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలు వందకి పైగా కలిపి చూశారు. పని పట్ల నిష్ఠ అన్ని రకాల ఉద్యోగాల్లోనూ కొంత పనికొస్తుందనీ, కలుపుగోలుతనం ముఖ్యంగా అమ్మకాల్లో, మేనేజర్ పనుల్లో పనికొస్తుందనీ తేలింది. మంచి విషయమే. కానీ మీ ముగ్గురు టెక్నీషియన్లలో ఎవరు మైక్రోస్కోప్ దగ్గర కూర్చోవాలో అది చెప్పదు. అది చెప్పేది వాళ్ళు చేసే తప్పులు.

ల్యాబ్‌లో ప్రతి స్వభావానికీ దాని సొంత తప్పు ఉంటుంది. తప్పు ఎన్నిసార్లు జరిగిందన్నది తర్వాత సంగతి, ముందు అది ఏ రకం తప్పో చూడండి.

కలుపుగోలు మనిషి తప్పు: వరస జారడం. మీ బెంచ్ అబ్బాయిది ఇదే అయ్యుంటుందని నా అంచనా. సెమీ ఆటో మెషీన్ మీద షుగర్లు పెడుతున్నాడనుకోండి. ట్యూబుకి 1000 మైక్రోలీటర్ల రీఏజెంట్, 10 మైక్రోలీటర్ల సీరం, 37 డిగ్రీల్లో 10 నిమిషాలు. ఏడో ట్యూబు దగ్గర ఉండగా పీఆర్ఓ (డాక్టర్లతో సంబంధాలు చూసే మనిషి) వచ్చి "డాక్టర్ గారు అడుగుతున్నారు, ఆ థైరాయిడ్ అయిందా?" అంటాడు. ఈ అబ్బాయికి మనుషులంటే ఇష్టం కాబట్టి తల తిప్పి నవ్వుతూ చెబుతాడు. మళ్ళీ ట్యూబుల వైపు తిరిగేసరికి ఏడులో సీరం వేశానా లేదా అన్న అనుమానం. వేశాననుకుని ఎనిమిదికి పోతాడు, లేదా వేసినదాంట్లోనే రెండోసారి వేస్తాడు. అక్కడి నుంచి వరస ఒక గడి జరిగిందంటే ఒకరి విలువ పక్కవాళ్ళ పేరు మీద పడుతుంది. ఇది అజాగ్రత్త కాదు. గదిలో ఒక్కడినీ కూర్చోబెట్టి చేయిస్తే ఇదే మనిషి ఒక్క తప్పూ చేయకపోవచ్చు. గుర్తు ఏమిటంటే, తప్పు పోయిన రిపోర్టులు పక్కపక్క నంబర్లవి అయ్యుంటాయి, అవి రద్దీ గంటల్లోనే పడుంటాయి.

విసుగు త్వరగా వచ్చే మనిషి తప్పు: ఆఖర్న వస్తుంది. మొదటి 30 శాంపిళ్ళు చక్కగా ఉంటాయి. తర్వాత యూరిన్ మైక్రోస్కోపీలో అందరికీ "పస్ సెల్స్ 2–4" అని పడుతుంది. వంద తెల్లకణాలు రకాల వారీగా లెక్కపెట్టాల్సిన డిఫరెన్షియల్ కౌంట్ యాభైకే ఆపి రెండుతో గుణించేస్తాడు. రిజిస్టర్ తిరగేస్తే ఒకే అంకె వరసగా కనిపిస్తుంది. ఇక్కడ ఒక్కమాట. ఇది పూర్తిగా స్వభావం మీద తోసేసే విషయం కాదు. రాడార్ తెర చూసే సైనికుల గురించి 1948లో మాక్‌వర్త్ చేసిన ప్రయోగాల్లో, గడియారం ముల్లు అప్పుడప్పుడూ వేసే పెద్ద గెంతును పట్టుకోవాల్సిన పనిలో, మొదటి అరగంట దాటగానే పట్టుకోలేనివి పెరిగాయి. ఎంత దీక్ష ఉన్నవాళ్ళనైనా మైక్రోస్కోప్ దగ్గర ఏకబిగిన రెండు గంటలు కూర్చోబెట్టొద్దు. 30–40 నిమిషాలకోసారి లేచి సెంట్రిఫ్యూజ్ పనో, ఈఎస్ఆర్ రీడింగో చేసి రమ్మనండి.

భయస్తుడి తప్పు: ఆలస్యం. ఒకే శాంపిల్ మూడుసార్లు పెడతాడు, మూడూ ఒకటే వచ్చినా నమ్మడు. కంట్రోల్ (మెషీన్‌ని పరీక్షించడానికి పెట్టే, విలువ ముందే తెలిసిన శాంపిల్) కాస్త పక్కకి పోతే వెంటనే కాలిబ్రేషన్, అంటే మెషీన్ కొలత సరిచేయడం, మొదలుపెట్టేస్తాడు. సర్దుబాటు మనిషి దీనికి సరిగ్గా తిరగేసిన మనిషి. కంట్రోల్ విలువ హద్దు లోపలికి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పెట్టి, వచ్చినదాన్ని రాసేస్తాడు. ఇద్దరిదీ తప్పే. మెషీన్ బాగున్నా కంట్రోల్ 20 సార్లలో ఒకసారి 2 ఎస్‌డీ (సగటు నుంచి మామూలుగా ఉండే తేడాకి కొలత) దాటడం సహజం. అందుకే గోడకి రెండే రూల్స్ అంటించండి: 3 ఎస్‌డీ దాటితే ఆపు, వరసగా రెండుసార్లు ఒకే వైపు 2 ఎస్‌డీ దాటితే ఆపు. కంట్రోల్ విలువల్ని తూచే వెస్ట్‌గార్డ్ రూల్స్‌లో మీ సైజు ల్యాబ్‌కి మొదట పనికొచ్చేవి ఇవే. రూల్ రాసి ఉంటే భయస్తుడికి ధైర్యం, సర్దుబాటు మనిషికి పగ్గం.

మెత్తని మనసున్న మనిషి తప్పు: ట్యూబులో. దీన్ని ఎవరూ స్వభావం ఖాతాలో వేయరు, కానీ రక్తం తీసే చోట నేను ఎక్కువగా చూసేది ఇదే. చిన్నపిల్ల ఏడుస్తోంది, తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది, రక్తం సరిపడా రాలేదు. రెండోసారి గుచ్చడానికి మనసొప్పక ఊదా మూత ట్యూబులోంచి కొంచెం ఎర్ర మూతలోకి వంచేస్తారు. ఊదా మూతలో ఉండే, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ పొటాషియం ఉప్పు. సీరంలో పొటాషియం అమాంతం పెరిగిపోతుంది, కాల్షియం పడిపోతుంది. నీలం మూత సిట్రేట్ ట్యూబు గీత దాకా నింపకుండా వదిలేస్తే తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ అన్న లెక్క తప్పి, ప్రోత్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) ఎక్కువ చూపిస్తుంది. బెంచ్ మీద కూర్చున్నవాడు ఎంత నిష్ఠాపరుడైనా దీన్ని బాగుచేయలేడు. ఇలాంటి మనిషిని కలెక్షన్ నుంచి తీసేయకండి, పేషెంట్లకి వాళ్ళే కావాలి. "తక్కువైతే మళ్ళీ గుచ్చు, లేదా తిరస్కరించి కారణం రాయి" అని రూల్ పెట్టండి. పేషెంట్ అరిచినప్పుడు మీరు స్టాఫ్ పక్షాన నిలబడండి. నిలబడకపోతే రూల్ వారం కూడా ఆగదు.

ఇక సీట్ల వారీగా.

కలెక్షన్ రూముకి మాటలొచ్చిన మనిషే కావాలి, కానీ చేతికి వరస తప్పని అలవాటు ఉండాలి. ట్యూబులు నింపే వరస మూతల రంగుల్లో: నీలం, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, బూడిద రంగు. ఈ వరస నిద్రలో లేపి అడిగినా రావాలి. టూర్నికే (చేతికి కట్టే పట్టీ) నిమిషం దాటకూడదు. ఊదా ట్యూబు 8–10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, ఊపకూడదు. మాటకారులకి ఇక్కడ ఉండే గండం లేబుల్. కబుర్లలో పడి ముందే ట్యూబులకి పేర్లు అంటించుకుంటారు. లేబుల్ రక్తం తీశాకే, పేషెంట్ కుర్చీలోంచి లేవకముందే పడాలి. "లక్ష్మి గారేనా?" అని అడగకూడదు, "మీ పేరు, వయసు చెప్పండమ్మా" అనాలి. మన ఊళ్ళలో ఒక్క ఉదయం నలుగురు లక్ష్ములు వస్తారు, చెవులు సరిగ్గా వినపడని పెద్దావిడ దేనికైనా తలూపుతుంది.

మీ మాటకారి అబ్బాయిని ఉదయం 6:30 నుంచి 10 దాకా ఇక్కడ పెట్టమంటాను. బెంచ్ మీద అతన్ని చెడగొట్టిన గుణమే ఇక్కడ పనికొస్తుంది. ఒక మనిషి వచ్చి, కూర్చుని, లేచి వెళ్ళేదాకా పని ఒక ముక్క. మధ్యలో అంతరాయం వచ్చినా అది ఆ పేషెంట్ గురించే వస్తుంది.

బెంచ్‌కి అంతరాయం పడని మనిషి కావాలి, పడినా "ఒక్క నిమిషం" అని వేలు చూపించి పని పూర్తిచేసి తల తిప్పే మనిషి కావాలి. మీ రిసెప్షన్ అమ్మాయి చేస్తున్నది సరిగ్గా అదే. ఒక చేత్తో పేరు, వయసు, టెస్టులు, రిఫర్ చేసిన డాక్టర్ టైప్ చేస్తూ, తప్పు పోకూడదని మనసంతా తెర మీద పెట్టి, పక్కనుంచి అడిగే నాలుగో మనిషికి జవాబివ్వడం మానేస్తుంది. కౌంటర్ అవతల నుంచి చూస్తే అది పొగరులా కనిపిస్తుంది. వయసు, లింగం తప్పు పడితే రిపోర్టులో నార్మల్ రేంజే మారిపోతుంది కాబట్టి ఆమె జాగ్రత్త అనవసరమైనదీ కాదు. బెంచ్ మీద ఆ మొహం ఎవరికీ కనిపించదు, ఆ జాగ్రత్త అందరికీ అందుతుంది.

రిసెప్షన్‌లో నిజానికి రెండు పనులున్నాయి, ఎంట్రీ ఒకటి, పలకరింపు ఒకటి. ఉన్న ఇద్దరిలో ఒకరిని 7 నుంచి 9:30 దాకా కౌంటర్ బయటే నిలబెట్టండి. టోకెన్ ఇవ్వడం, చీటీ చూడటం, "ఏమీ తినకుండా వచ్చారా?" అని అడగడం వాళ్ళ పని. లోపల కూర్చున్నవాళ్ళు టైపింగే చేయాలి. కౌంటర్ మీది ఫోన్ కూడా బయట ఉన్నవాళ్ళకే ఇవ్వండి. పేషెంట్ల గొణుగుడు చాలావరకు దీంతోనే తగ్గుతుంది, ఎవరినీ మార్చకుండానే.

వెరిఫికేషన్ సీటు ఎక్కువమంది పట్టించుకోని సీటు. సంతకం పాథాలజిస్ట్‌దే అయినా, ఆయన ముందుకి వెళ్ళకముందు ఒకరు ఆపి చూడాలి. ఇక్కడ కావాల్సింది అనుమానం ఎక్కువున్న మనిషి, పనిలో వేగం ఉన్నవాళ్ళు కాదు. డెంగీ సీజన్‌లో దీని విలువ తెలుస్తుంది. మెషీన్ ప్లేట్‌లెట్లు 38 వేలు అంటుంది, పేషెంట్ చూస్తే నిక్షేపంగా నడిచి వచ్చాడు. అనుమానం మనిషి స్లైడ్ వేసి చూస్తాడు, ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుని ఉంటాయి. ఈడీటీఏ వల్ల కొందరిలో ఇలా జరుగుతుంది. సిట్రేట్ ట్యూబులో మళ్ళీ తీసి, వచ్చిన అంకెను 1.1తో గుణిస్తే అసలు కౌంట్ దొరకొచ్చు. అక్కడా అతుక్కుంటే స్లైడ్ మీద అంచనా వేయాలి. పని తొందరగా ముగించే స్వభావం ఉన్నవాళ్ళు 38 వేలు అనే పంపేస్తారు, ఆ కుటుంబం హడావుడిగా పెద్దాసుపత్రికి పరిగెడుతుంది.

కాకపోతే అనుమానం మనిషికి ఒక బలహీనత ఉంటుంది: ఫోన్ చేయడు. పొటాషియం 6.8 వచ్చింది, డాక్టర్‌కి వెంటనే చెప్పాలి, "పెద్దాయన విసుక్కుంటారేమో" అని పదిహేను నిమిషాలు ఆలోచిస్తాడు. దీనికి ధైర్యం నూరిపోయక్కర్లేదు, చదవడానికి ఒక చీటీ చాలు. పేషెంట్ పేరు, వయసు, టెస్ట్, విలువ, శాంపిల్ తీసిన టైమ్, "దయచేసి ఒకసారి తిరిగి చెప్పండి సార్", ఫోన్ ఎత్తినవాళ్ళ పేరు, సమయం. ఏయే విలువలకి ఫోన్ చేయాలో జాబితా మీ పాథాలజిస్ట్‌తో రాయించి పక్కనే అంటించండి. అయినా వెనకాడితే ఆ ఫోన్ మీ మాటకారి అబ్బాయి చేయొచ్చు, విలువ నిర్ధారించేది మాత్రం ఈ సీటే.

హోమ్ కలెక్షన్ గురించి మీకు ఇబ్బంది లేదన్నారు కాబట్టి క్లుప్తంగా. ఒంటరిగా తిరగడం ఇష్టపడి, టైమ్ అంటే పట్టింపు ఉన్నవాళ్ళు సరిపోతారు. ప్రతి ఇంట్లో కాఫీ తాగి కబుర్లు చెప్పేవాళ్ళు అక్కడ అందరికీ నచ్చుతారు, శాంపిల్‌కి మాత్రం నచ్చరు. గ్లూకోజ్‌ని కాపాడే ఫ్లోరైడ్ లేని ట్యూబులో, సీరం వేరుచేయని రక్తం ఊరికే ఉంటే గ్లూకోజ్ గంటకి 5–7 శాతం పడిపోతుంది. అలాగని ఐస్ ప్యాకుల మధ్య కుక్కేస్తే కణాల్లోంచి పొటాషియం బయటికి కారి తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. పీఆర్ఓ సంగతి: బాగా వాగేవాడే బాగా అమ్ముతాడనుకోకండి. ఆడమ్ గ్రాంట్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 340 మంది కాల్‌సెంటర్ అమ్మకందారుల్లో ఎక్కువ ఆదాయం తెచ్చింది మరీ మాటకారులూ కాదు, మరీ ముభావులూ కాదు, మధ్యస్థులు.

రెండు వారాల లెక్క ఎలా రాయాలి. ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. తేదీ, గంట, శాంపిల్ నంబర్, ఏ దశలో (ఎంట్రీ, కలెక్షన్, బెంచ్, టైపింగ్), ఏం తప్పు, అప్పుడు సీటులో ఎవరు, ఆ క్షణంలో చుట్టూ ఏం జరుగుతోంది. ఆఖరి గడే అసలైనది, అందరూ ఖాళీ వదిలేసేదీ అదే. తప్పు రాసినందుకు ఎవరినీ తిట్టనని ముందే చెప్పండి, ఒక్కసారి తిట్టారంటే ఆ తర్వాత పుస్తకంలో తప్పులుండవు, ల్యాబ్‌లో ఉంటాయి. చివర్లో తప్పుల్ని చేసిన పని సంఖ్యతో భాగించండి. 400 మందికి రక్తం తీసి 12 శాంపిళ్ళు హీమోలైజ్ చేసినవాడిది (అంటే రక్తకణాలు పగిలి శాంపిల్ పాడవడం) 3 శాతం, 150కి 6 చేసినవాడిది 4 శాతం. పైకి 12 పెద్దగా కనిపిస్తుంది. ఇంత చిన్న లెక్కల్లో 3కీ 4కీ తేడా లేనట్టే లెక్కేసుకోండి, రెండింతలు మూడింతలు ఉంటేనే పట్టించుకోండి.

హీమోలైసిస్ ఎక్కువుంటే మనిషిని అనే ముందు సిరంజి చూడండి. సన్నని సూదితో గట్టిగా లాగి, ఆ సూదిలోంచే బలంగా ట్యూబులోకి నెడితే ఎవరు తీసినా కణాలు పగులుతాయి. సీరం ట్యూబు అరగంట గడ్డకట్టనివ్వకుండా సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి, ఫైబ్రిన్ పోగులు మెషీన్ గొట్టంలో ఇరుక్కుంటే అది కూడా స్వభావం కాదు, రద్దీలో తొందర. ఇంకొకటి, ఎవరూ అనుకోరు: యూరిన్ స్ట్రిప్ రంగులు చదవడంలో ఒకరే పదేపదే తప్పుతుంటే కంటి డాక్టర్ దగ్గర ఇషిహారా చుక్కల పుస్తకం చూపించి రమ్మనండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియని మగవాళ్ళు అరుదేం కాదు. నలభై దాటినవాళ్ళయితే "శ్రద్ధ తగ్గింది" అనే ముందు చదివే కళ్ళజోడు ఉందో లేదో అడగండి.

చేరి ఆరు నెలలు కానివాళ్ళ స్వభావం మీద తీర్పు ఇవ్వకండి. కొత్తలో నోరు విప్పకపోవడం భయం, నెమ్మదితనం కాదు. అలాగే ఆడపిల్ల కాబట్టి రిసెప్షన్, మగపిల్లాడు కాబట్టి బండి మీద తిరుగుడు, బంధువు కాబట్టి క్యాష్. మన దగ్గర సీట్లు సగం ఇలాగే నిండుతాయి. మీ అమ్మాయి డీఎంఎల్‌టీ చదివి కౌంటర్‌లో ఎందుకుందో మీరు రాయలేదు, నేను ఊహించగలను.

మార్చే పద్ధతి. ఆమె చాలాకాలంగా పిపెట్ పట్టి ఉండకపోవచ్చు. మొదటి వారం రద్దీ తగ్గాక, అంటే 11 తర్వాత, ఆ రోజు రిపోర్ట్ అయిపోయిన 20 సీరం శాంపిళ్ళు పాత విలువలు చూపించకుండా ఆమె చేత మళ్ళీ పెట్టించండి. సీరం వేరుచేసి ఫ్రిజ్‌లో ఉంచినవే తీసుకోండి. షుగర్, క్రియాటినిన్ చాలు. తేడాలు మీ కంట్రోల్ రోజువారీ తేడా లోపలే ఉంటే రెండో వారం ఉదయం బెంచ్ ఇవ్వండి, పాత టెక్నీషియన్ ఒకరు పక్కనుండాలి. బెంచ్ మీద మొదటి వారం తప్పులు లెక్కలోకి తీసుకోకండి, ఎవరికైనా కొత్త చోట చేయి తిరగడానికి అంత పడుతుంది. మూడో వారం, నాలుగో వారం లెక్క పాత రెండు వారాలతో పోల్చండి.

అబ్బాయి విషయంలో చిక్కు వేరు. "బెంచ్ నుంచి దించేశారు" అని ఇంట్లో, స్నేహితుల్లో మాట వస్తుంది. బెంచ్ అంటే గౌరవం, రక్తం తీయడమంటే చిన్నపని అన్న లెక్క మన ల్యాబుల్లో ఉంది. జీతం పైసా తగ్గదని ముందు చెప్పండి. కలెక్షన్ ఇంచార్జ్ అని పేరు, బాధ్యత రెండూ ఇవ్వండి, తిరస్కరించిన శాంపిళ్ళ లెక్క అతని చేతిలో పెట్టండి. చేయి మొద్దుబారకుండా మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు బెంచ్ మీద గంట ఇవ్వండి. నాలుగు వారాలకి లెక్క బాగుపడకపోతే ఇద్దరినీ పాత సీట్లకి పంపేయండి, అది కూడా మొదటి రోజే వాళ్ళకి చెప్పి ఉంచండి.

మీ మూడో ప్రశ్న, మీరెక్కడ ఉండాలి. మీరు రాసిన తీరు చూస్తే ఉదయమంతా బెంచ్ వెనకే నిలబడి రిపోర్టుల కోసం అడుగుతున్నట్టుంది. ఆ అబ్బాయి వరస జారడానికి పీఆర్ఓ ఎంత కారణమో మీరూ అంతే కారణం కావచ్చు. 7 నుంచి 10 దాకా కలెక్షన్ రూము తలుపు బయట నిలబడండి, అరిచే పేషెంట్ల సంగతి మీరు చూసుకోండి. బెంచ్ రూములో ఫోన్ తీసేయండి. అర్జెంట్ రిపోర్ట్ కావాలంటే చీటీ రాసి ట్రేలో వేయమని పీఆర్ఓకి చెప్పండి, మీరూ ఆ ట్రేలోనే వేయండి. ట్యూబు వరస మధ్యలో ఉండగా ఎవరు పిలిచినా, మీరు పిలిచినా సరే, పలకొద్దని ఆ అమ్మాయికి చెప్పండి. మొదటిసారి నిజంగానే పలకనప్పుడు కోపం తెచ్చుకోకండి.